బొమ్మ ఒకరిది, మాట ఇంకొకరిది: పాత న్యూయార్కర్ కార్టూన్ల మీద చిన్న గొడవ

పాతపుస్తకాల_పిచ్చోడు

మొన్న ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఒక లావుపాటి పుస్తకం దొరికింది. అట్ట లేదు, మొదటి నాలుగు పేజీలు లేవు, వెన్ను దగ్గర ఎవరో ఫెవికాల్ పూసి నిలబెట్టారు. ఆయన మూడొందలన్నాడు, నేను నూటయాభై అన్నాను, రెండొందలకి తెగింది. ఇంటికొచ్చి తీరిగ్గా చూస్తే అది అమెరికా వాళ్ల న్యూయార్కర్ పత్రిక తన మొదటి పాతికేళ్ల (1925 నుంచి 1950 దాకా) కార్టూన్లు ఏరి 1951లో వేసిన ఆల్బమ్. ఇదివరకు ఎవరి దగ్గరుందో గానీ అక్కడక్కడా మార్జిన్లలో పెన్సిల్‌తో ఏదో గీకారు, అరిగిపోయింది, చదవడానికి రావట్లేదు.

రెండు రాత్రులు నిద్ర మానుకుని చూశాను. అందరిలోకీ నాకు నచ్చినావిడ హెలెన్ హాకిన్సన్. ఆవిడ బొమ్మల్లో బొద్దుగా ఉండే నడివయసు ఆడవాళ్లు, నెత్తిమీద చిన్న టోపీ, మోచేతికి పర్సు, క్లబ్బులో మీటింగు పెట్టుకుని లోకంలో ఉన్న సమస్యలన్నీ తామే తీర్చాలన్నంత శ్రద్ధగా కూర్చుని ఉంటారు. అచ్చం మా మేనత్త. చిట్‌ఫండ్ లెక్కలు చూసేటప్పుడు ఆవిడ మొహం ఇలాగే ఉంటుంది.

ఈవిడెవరా అని వెతికితే తేలిందేంటంటే, 1931 నుంచీ ఆవిడ కార్టూన్ల కింద మాటలు ఎక్కువగా రాసింది జేమ్స్ రీడ్ పార్కర్ అనే ఆయనట. బొమ్మ మీద సంతకం మాత్రం ఆవిడదొక్కటే. నిజం చెప్పొద్దూ, ఎక్కడో మోసపోయినట్టనిపించింది. నేను నవ్వింది ఆ మాటకే కదా. మీరేమంటారు?

గోదారిగట్టు

మోసం ఏముంది బాబూ ఇందులో. ఆ రోజుల్లో ఆ పత్రికలో ఇది మామూలే. అందరికీ తెలిసిన ఉదాహరణ చెప్తాను. 1928 డిసెంబరులో కార్ల్ రోజ్ బొమ్మ ఒకటి వచ్చింది. భోజనాల బల్ల దగ్గర తల్లి, ఎదురుగా బుడ్డిది. తల్లి "ఇది బ్రోకలీ అమ్మా" అంటుంది, పిల్ల "నేను మాత్రం ఇది పాలకూరే అంటాను, నాకక్కర్లేదు పో" అంటుంది (పిల్ల వాడిన తిట్టు ఇంకాస్త ఘాటుగానే ఉంటుంది, ఇక్కడ వద్దు). ఆ మాట అమెరికాలో ఎంత పాకిందంటే, కొన్నాళ్లు "పాలకూర" అంటే "ఉత్త బూటకం" అని అర్థం వచ్చేసింది. మరి ఆ మాట రోజ్‌ది కాదు, ఇ. బి. వైట్‌ది. ఆయన ఆ పత్రికలోనే పనిచేసే రచయిత. ఆఫీసుకొచ్చిన బొమ్మలకి క్యాప్షన్లు చెక్కడం కూడా ఆయన పనుల్లో ఒకటి. రోజ్ గారు బాధపడినట్టు నేనెక్కడా చదవలేదు.

మీమ్_మాస్టర్

అన్నా ఇది మీమ్ కదా మరి. టెంప్లేట్ ఒకడిది, పైన రాత ఇంకొకడిది, షేర్ చేసేది ఊరందరూ. మేం చేస్తే టైంపాస్ అంటారు, వాళ్లు చేస్తే కళ అంటారు 😀

న్యూజెర్సీ_నాని

మీమ్ అనుకున్నా తప్పులేదు తమ్ముడూ, కాకపోతే మీమ్ వేసినవాడికి డబ్బులు రావు, వీళ్లకి వచ్చేవి. పైగా దానికో లెక్క కూడా ఉండేది. నేను కొన్నాళ్లుగా దీనిమీద చదువుతున్నా కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నా, ఓపిక ఉన్నవాళ్లు చదవండి.

1940లు, 50ల్లో న్యూయార్క్‌లో పత్రికలకి జోకు కార్టూన్లు అమ్ముకుని బతికేవాళ్లు చాలామందే ఉండేవాళ్లు. వాళ్లకి బుధవారం పెద్ద రోజు. దాన్ని వాళ్లు "లుక్ డే" అనేవాళ్లు, అంటే ఎడిటర్లు బొమ్మలు చూసే రోజు. వారమంతా కూర్చుని ఒక పదో ఇరవయ్యో రఫ్‌లు గీసేవాళ్లు. రఫ్ అంటే పూర్తి బొమ్మ కాదు, విషయం తెలిసేలా గబగబా గీసిన చిత్తు. ఆ కట్ట చంకలో పెట్టుకుని ఒక్కో పత్రికాఫీసు మెట్లెక్కి దిగేవాళ్లు. ఎక్కువ డబ్బిచ్చే చోటికి ముందు. వాళ్లు వద్దన్నవి ఆ తర్వాతి మెట్టు పత్రికకి, వాళ్లూ వద్దంటే ఆ కింది మెట్టుకి. అలా ఒక జోకు పది గుమ్మాలు తొక్కి ఆఖరికి ఏ చిన్న పత్రికలోనో తేలేది. ఎడిటర్ ఒప్పుకుంటేనే ఇంటికెళ్లి సిరాతో, నీళ్లు కలిపిన సిరా పూతతో పూర్తి బొమ్మ వేసేది.

ఇక వారానికి ఇరవై జోకులు పుట్టించడం ఎవరి వల్ల అవుతుంది? అందుకని జోకులు మాత్రమే రాసిచ్చేవాళ్లు వేరే ఉండేవాళ్లు, గ్యాగ్ రైటర్లు. చిన్న చీటీల మీద టైపు చేసి ఆర్టిస్టుకి పోస్టులో పంపేవాళ్లు. ఆర్టిస్టుకి నచ్చితే రఫ్ వేసేవాడు, అమ్ముడైతే వచ్చిన దాంట్లో మామూలుగా 25 శాతం రాసినవాడికి. అమ్ముడుపోకపోతే ఇద్దరికీ సున్నా. పేరు మాత్రం ఎక్కడా ఉండదు. పీటర్ ఆర్నో, చార్లెస్ ఆడమ్స్ లాంటి పెద్దవాళ్లు కూడా బయటివాళ్ల జోకులు తీసుకున్నారు.

రఫ్_గీత

నాని గారూ, మీరు రాసింది చదువుతుంటే నా కడుపు మండింది. మీ మీద కాదులెండి, పాత సంగతి గుర్తొచ్చి.

1980ల్లో నేను గుంటూరు దగ్గర ఒక ఊళ్లో ఉండేవాణ్ని. ఇండియన్ ఇంకు సీసా, నిబ్బు, డ్రాయింగ్ షీటు, ఇవే నా ఆస్తి. వారానికి అయిదారు కార్టూన్లు గీసి, తిరుగు టపాకి స్టాంపులు అంటించిన కవరు లోపల పెట్టి పంపేవాణ్ని. పోస్ట్‌మాన్ ఆ కవరు పట్టుకుని వస్తుంటే దూరం నుంచే తెలిసిపోయేది, నా చేతిరాతే నాకెదురొచ్చేది. ఎప్పుడో ఒకటి పడితే పాతిక రూపాయల మనియార్డరు. మనియార్డరు ఫారం కింద చిన్న ముక్క మాత్రం చించకుండా దాచుకునేవాణ్ని.

ఒకసారి ఒక వారపత్రిక (పేరొద్దు) నా కార్టూన్ తిప్పి పంపింది. రెండు నెలల తర్వాత అదే పత్రికలో అదే జోకు, అక్షరం పొల్లు పోకుండా నేను రాసిన మాటే, బొమ్మ మాత్రం వాళ్ల ఆస్థాన ఆర్టిస్టుది. నిజం ఒప్పుకోవాలి, ఆయన బొమ్మ నాదానికంటే పదిరెట్లు బాగుంది. నాదాంట్లో అత్తగారు గోడకి అతికించినట్టుండేది, ఆయనదాంట్లో అత్తగారు ఒళ్లు విరుచుకుంటూ మంచం మీంచి లేస్తోంది, ఆ లేవడంలోనే సగం జోకు ఉంది. అయినా జోకు నాదే కదండీ? ఉత్తరం రాశాను, జవాబు లేదు. అమెరికా అయితే 25 శాతమైనా వచ్చుండేది.

మీమ్_మాస్టర్

అయ్యో అంకుల్. వాటర్‌మార్క్ వేసుకోవాల్సింది. సారీ, నవ్వకూడదు గానీ నవ్వొచ్చింది.

గోదారిగట్టు

రఫ్_గీత గారూ, మీ బాధ అర్థమైంది. కానీ మీరే ఒక మాటన్నారు చూడండి, ఆయన బొమ్మలో అత్తగారు లేవడంలోనే సగం జోకుందని. అక్కడే ఉంది కిటుకు.

కార్ల్ రోజ్‌దే ఇంకో సంగతి ఉంది. కత్తిసాము చేస్తున్న ఇద్దరిలో ఒకడు ఎదుటివాడి తల చక్కగా ఎగరగొట్టి, మర్యాదగా "టుషే!" అంటాడు, అంటే "తగిలింది!" అన్నట్టు. ఈ ఊహ రోజ్‌దే, బొమ్మ కూడా వేసి పంపాడు. ఆయన బొమ్మలు నిజం మనుషుల్లా ఉంటాయి కాబట్టి తెగిన తల చూస్తే కడుపులో తిప్పుతుందని ఆఫీసులో అనుకుని, అదే జోకు జేమ్స్ థర్బర్‌కి ఇచ్చారు. థర్బర్ మనుషులకి ఎముకలుండవు, రక్తం ఉండదు, పిండి ముద్దల్లా ఉంటారు. వాళ్ల తల తెగినా మళ్లీ తెచ్చి పెట్టుకుంటారులే అనిపిస్తుంది. 1932లో వచ్చిందది, ఇప్పటికీ జనానికి గుర్తుంది. జోకు ఒకటే, గీత మారేసరికి చావు కాస్తా సరదా అయిపోయింది.

రోజ్ గారికి దానిమీద డబ్బులిచ్చారు లెండి, మీకు జరిగినట్టు కాదు.

పాతపుస్తకాల_పిచ్చోడు

థర్బర్ పేజీలు నేను గబగబా తిప్పేశాను, చిన్నపిల్లలు గీసినట్టున్నాయని. మళ్లీ చూడాలైతే.

గోదారిగట్టు

తప్పక చూడండి. ఆయనకి చిన్నప్పుడు అన్నదమ్ముల ఆటలో బాణం తగిలి ఒక కన్ను పోయింది, రెండోది కూడా క్రమంగా తగ్గుతూ వచ్చింది. ఆయన రచయిత, బొమ్మలు పరధ్యానంగా ఆఫీసు కాగితాల మీద గీసి పడేసేవాడు. చెత్తబుట్టలోంచి వాటిని ఏరి, ఇవి అచ్చెయ్యాల్సిందే అని పట్టుబట్టింది మళ్లీ ఆ వైటే.

ఆయన సీల్ (మీసాలుండే సముద్రజంతువు) బొమ్మ కథ నాకు చాలా ఇష్టం. మొదట రాయి మీద కూర్చున్న సీల్‌ని గీశాడు, ఆఫీసులో ఆ మీసాలు తప్పన్నారు. ఆర్ట్ వ్యవహారాలు చూసే రియా ఇర్విన్ సీల్ తలొకటి గీసి "సీల్ మీసాలు ఇలా ఉంటాయి" అని పంపాడట. వైట్ దానికి జవాబుగా "థర్బర్ సీల్‌కి మీసాలు ఇలాగే ఉంటాయి" అని ఆ పాత బొమ్మనే తిరిగి పంపాడు. అది అచ్చవలేదు. కొన్నేళ్లకి మళ్లీ అదే గీద్దామని కూర్చుంటే రాయి రాయిలా రాలేదు, మంచం తలవైపు పట్టెలా వచ్చింది. సరే పోనీ అని కింద మంచం వేసి, మంచంలో మొగుడూ పెళ్లాన్ని పడుకోబెట్టాడు. ఆవిడ విసుగ్గా "సరే, నీకు సీల్ అరిచినట్టే వినిపించిందిలే, ఇక చాలు" అంటూ ఉంటుంది, సీల్ వాళ్ల నెత్తిమీదే కూర్చుని ఎటో చూస్తూంటుంది. 1932 జనవరిలో వచ్చిందిది. ఇప్పుడు చెప్పండి, ఈ జోకు ఎవరు రాశారు? చెయ్యి తప్పడం రాసింది.

న్యూజెర్సీ_నాని

బాబాయ్ గారూ, బీరువా బొమ్మ కూడా చెప్పండి!

గోదారిగట్టు

అదీ అంతే. మెట్ల పైమెట్టు మీద ఎదురుచూస్తున్న ఆవిణ్ని గీయబోతే కొలతలు తప్పి మెట్లు పుస్తకాల బీరువా అయ్యాయి, ఆవిడ బీరువా పైన చతికిలబడింది. కింద మొగుడు ఇంటికొచ్చినాయనతో "పైనున్నది నా మొదటి భార్య, ఈవిడ ఇప్పటి భార్య" అని పరిచయం చేస్తుంటాడు. ఎడిటర్ హెరాల్డ్ రాస్ ఫోన్ చేసి ఆ పైనున్నావిడ బతికుందా, చచ్చిపోయిందా, గడ్డి కూరి పెట్టారా అని నిజంగానే అడిగాడట. రాస్‌కి అలా అడగడం జబ్బు. బొమ్మలో ఏం జరుగుతోందో ఆయనకి పూర్తిగా అర్థం కావాలి.

న్యూజెర్సీ_నాని

అవును, మంగళవారాలు మధ్యాహ్నం బొమ్మలు చూసే మీటింగు పెట్టేవాడు. అల్లిక సూది చేత్తో పట్టుకుని బొమ్మ మీద గుచ్చినట్టు చూపిస్తూ "ఇందులో మాట్లాడుతున్నది ఎవరు?" అనేవాడట. నోరు తెరిచి ఉన్నది ఎవరిదో తెలియకపోతే బొమ్మ వెనక్కే. మనకి చాదస్తంలా ఉంటుంది గానీ ఒక్క లైను క్యాప్షన్ పని చేయాలంటే అదే ముఖ్యం. అంతకుముందు ఇంగ్లండు పంచ్ పత్రికలో బొమ్మ కింద చిన్న నాటకంలా నాలుగైదు లైన్ల సంభాషణ ఉండేది, మొదట ఎవరన్నారు, తర్వాత ఎవరన్నారు అంతా పేర్లతో సహా. బొమ్మ తీసేసినా జోకు అర్థమయ్యేది. ఒక్క మాటకి దిగేసరికి బొమ్మ లేకపోతే మాట అర్థం కాదు, మాట లేకపోతే బొమ్మ అర్థం కాదు. అందుకే పిచ్చోడు గారూ, మీరు నవ్వింది ఉత్త మాటకే అంటే నేనొప్పుకోను. పార్కర్ రాసిన మాట ఒక్కటీ కాగితం మీద విడిగా రాసుకుని చదవండి, ఏమీ ఉండదు.

అమ్ములు_వాళ్లమ్మ

నేను సాధారణంగా ఇక్కడ చదివి వెళ్లిపోతాను, ఈసారి ఊరుకోలేక రాస్తున్నాను. అందరూ మాట ఎవరిది, బొమ్మ ఎవరిది అని కొట్టుకుంటున్నారు గానీ హాకిన్సన్ గురించి ఎవరూ మాట్లాడలేదు.

ఆవిడ ఆ పత్రిక మొదలైన 1925 నుంచే వేసింది. 68 ముఖచిత్రాలు, 1,800 పైచిలుకు కార్టూన్లు. ఫ్యాషన్ బొమ్మలు వేసుకునే మనిషి, ఇటు వచ్చింది. ఆ లావుపాటి క్లబ్బు ఆడవాళ్లని చూసి జనం ఎగతాళిగా నవ్వుతున్నారని ఆవిడకి తర్వాత్తర్వాత చాలా బాధ పట్టుకుంది. తనకి వాళ్లంటే ఇష్టమనీ, వాళ్లని వెక్కిరించడం తన ఉద్దేశం కాదనీ చెప్పడానికి సభల్లో మాట్లాడటం మొదలుపెట్టింది. స్వతహాగా సిగ్గరి. 1949 నవంబరు 1న అలాగే ఒక విరాళాల కార్యక్రమంలో మాట్లాడటానికి వాషింగ్టన్ వెళ్తుంటే, దిగబోతున్న విమానాన్ని ఒక చిన్న యుద్ధవిమానం వచ్చి గుద్దింది. విమానంలో ఉన్న 55 మందీ పోయారు, ఆవిడతో సహా.

ఒక్కసారి ఆ బొమ్మలు దగ్గరపెట్టుకుని చూడండి. ఆడవాళ్లు లావే, టోపీలు విచిత్రమే, కానీ ఆవిడ గీసిన పాదాలు చూడండి. ఇంత చిన్న పాదాలు, ఆ బరువుని మోస్తూ, కాస్త లోపలికి తిరిగి, జాగ్రత్తగా నేలమీద పెట్టి ఉంటాయి. వెక్కిరించేవాళ్లు పాదాలు అంత మమకారంగా గీయరు. పార్కర్ ఎన్ని మాటలు రాసినా ఆ పాదాలు రాయలేడు. నాకు తెలిసింది ఇది.

పాతపుస్తకాల_పిచ్చోడు

అమ్మా, పుస్తకం తెరిచి మళ్లీ చూశాను. పాదాలు! నిజమే. రెండు రాత్రులు చూసి కూడా నాకు కనబడలేదు.

విశాఖ_కెరటం

అంతా అమెరికాయేనా? నాని గారు పంచ్‌ని నాలుగు లైన్ల నాటకం అని కొట్టిపారేశారు, అది పాత సంగతి. 1930ల తర్వాత అదీ మారింది. ఫూగాస్ అనే మారుపేరుతో వేసిన కెనెత్ బర్డ్ చేతిలో మనిషంటే నాలుగు గీతలు, అంతే. మొదటి ప్రపంచయుద్ధంలో వెన్నెముక దెబ్బతిని, మంచం మీద ఉండగా పోస్టు ద్వారా పాఠాలు తెప్పించుకుని బొమ్మలు నేర్చుకున్నాడు. రెండో యుద్ధంలో "నోరు జారితే ప్రాణాలు పోతాయి" అని పోస్టర్లు వేశాడు, ఇద్దరు ఆడవాళ్లు బస్సులో కబుర్లాడుకుంటుంటే వెనక సీట్లో హిట్లర్ కూర్చుని వింటుంటాడు. భయపెట్టాల్సిన పోస్టరు, నవ్వించి పని చేయించుకున్నాడు. తర్వాత 1949 నుంచి 1952 దాకా పంచ్‌కి ఎడిటర్ కూడా ఆయనే.

రోనాల్డ్ సెర్ల్ సంగతి వింటే ఒళ్లు జలదరిస్తుంది. అల్లరి ఆడపిల్లల బడి, సెయింట్ ట్రినియన్స్, మొదటి కార్టూన్ 1941లో లిలిపుట్ పత్రికలో వచ్చింది. మర్నాడు వేరే ఇంకేదో గీద్దామనుకున్నాడో లేదో, 1942లో సింగపూర్ పడిపోయి జపాన్ వాళ్లకి బందీగా దొరికాడు. చాంగీ జైలు, తర్వాత సయాం-బర్మా రైలు పట్టాల పని. అక్కడ చూసిందంతా దొంగతనంగా గీసి, కలరా రోగుల పరుపుల కింద దాచాడు, కాపలావాళ్లు అటువైపు చెయ్యి పెట్టరని. వెనక్కొచ్చి మళ్లీ ఆ అల్లరి పిల్లలనే గీశాడు, ఈసారి వాళ్ల చేతుల్లో హింసించే సామాను కాస్త ఎక్కువైంది. అది ఎక్కణ్నుంచి వచ్చిందో మనం ఊహించుకోవచ్చు.

పొట్టి గుర్రాల బొమ్మలకి పేరుపడ్డ థెల్‌వెల్ అయితే సైన్యంలో ఉండగా ఢిల్లీలో సైనికుల పత్రికకి ఆర్ట్ ఎడిటర్‌గా పనిచేశాడు. మన ఎండలో కూర్చుని గీసినవాడన్నమాట.

రఫ్_గీత

మనవాళ్ల మాట కూడా ఒకటి చెప్పుకోవాలి కదా. తలిశెట్టి రామారావు గారు, తొలి తెలుగు కార్టూనిస్టు. వృత్తికి వకీలు. భారతి పత్రికలో వేసేవారు, ఆయన పుట్టిన మే 20నే మనం తెలుగు కార్టూనిస్టుల దినోత్సవంగా చేసుకుంటున్నాం. పుట్టింది 1906.

న్యూజెర్సీ_నాని

1906 అంటే గుర్తొచ్చింది, ఇ. సిమ్స్ క్యాంప్‌బెల్‌ది కూడా అదే ఏడాది! ఎస్క్వైర్ పత్రిక 1933లో మొదలైనప్పటి నుంచీ రంగుల్లో పేజీ నిండా కార్టూన్లు వేసినాయన. ఆ పత్రిక గుర్తుగా ఉండే గుడ్లగుడ్ల కళ్ల, తెల్ల మీసాల బొమ్మ కూడా ఆయన చేతిదే. ఆయన నల్లజాతి మనిషి. దేశమంతా చదివే ఖరీదైన పత్రికల్లో అలా నిలదొక్కుకున్న మొదటివాడు. ఆయన గీసేది ఎక్కువగా తెల్లవాళ్ల డబ్బు, తెల్లవాళ్ల షోకులు. చూసి నవ్వినవాళ్లలో చాలామందికి గీసిన చెయ్యి ఎవరిదో తెలియదు. సంతకం ఉండి కూడా కనబడని మనిషి, మన చర్చకి సరిపోతాడు. 1957లో స్విట్జర్లాండ్ వెళ్లిపోయి చాలా ఏళ్లు అక్కడే ఉన్నాడు.

అమ్ములు_వాళ్లమ్మ

ఇది నాకు తెలియదు నాని గారూ. మంచి సంగతి చెప్పారు.

గోదారిగట్టు

రఫ్_గీత గారు మనవాళ్లని తలచుకున్నారు కాబట్టి అసలు మాట చెప్తాను. అమెరికాలో పార్కర్ పేరు పుస్తకాల పిచ్చోళ్లకి తప్ప ఎవరికీ తెలియదు. మనకి అలా కాదు. బుడుగు 1956 ప్రాంతంలో ఆంధ్రపత్రిక వారపత్రికలో వస్తున్నప్పుడు రాత ముళ్లపూడి వెంకటరమణ గారిది, బొమ్మ బాపు గారిది, ఇంట్లో చంటిపిల్లాడికి కూడా ఇద్దరి పేర్లూ తెలుసు. అసలు మనం రెండు పేర్లుగా అననే అనం. బాపురమణ అంటాం, ఒకే మనిషన్నట్టు. 2011లో రమణ గారు పోతే మా వీధిలో ఒకాయన "బాపురమణ పోయారు" అన్నాడు. బాపు గారు ఇంకా మూడేళ్లు ఉన్నారు.

మీమ్_మాస్టర్

కానీ బాబాయ్ గారూ, బుడుగు కథ కదా, ఒక్క బొమ్మ జోకు కాదు. బాపు కార్టూన్లకి మాటలు రాసింది కూడా రమణేనా?

గోదారిగట్టు

మంచి ప్రశ్నే. బుడుగుని ఇక్కడికి లాక్కురావడం కాస్త అతిగానే ఉంది, ఒప్పుకుంటా. బాపు గారు కార్టూన్లు విడిగా బోలెడు వేశారు, ఆ కింద ఆయన రాసిన అక్షరాలే బొమ్మలో భాగం. ఆ చేతిరాతే తర్వాత ఫాంటుగా వచ్చి ఇప్పుడు పెళ్లిశుభలేఖల మీద కూడా కనబడుతోంది. నేను చెప్పేదల్లా, పేరు పెట్టడంలో మనం కాస్త నయమని.

రఫ్_గీత

మనం నయమా? నా అత్తగారి కార్టూన్ మర్చిపోయారా 🙂

గోదారిగట్టు

ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా.

విశాఖ_కెరటం

ఇంతకీ ఆ బుధవారం వ్యాపారం ఏమైంది? ఇప్పుడు న్యూయార్కర్ తప్ప ఎక్కడా కనబడవు కదా.

న్యూజెర్సీ_నాని

టీవీ వచ్చింది, ప్రకటనలు అటు పోయాయి. కొలియర్స్ 1957 జనవరితో ఆగింది. సాటర్‌డే ఈవెనింగ్ పోస్ట్ 1969లో. ఇవి రెండూ జోకు కార్టూన్లకి పెద్ద గిరాకీ ఇచ్చినవి. మెట్లలో పైమెట్లు విరిగిపోతే కిందమెట్ల మీద ఎంతమంది నిలబడతారు? తెలివైనవాళ్లు ముందే దినపత్రికల కామిక్ స్ట్రిప్పుల్లోకి దూకారు. పీనట్స్ గీసిన చార్లెస్ షుల్జ్ 1948 నుంచి 1950 దాకా పోస్ట్‌కి 17 జోకు కార్టూన్లు అమ్మాడు, 1950 అక్టోబరులో పీనట్స్ మొదలైంది. డెనిస్ అనే అల్లరి పిల్లాణ్ని 1951లో మొదలుపెట్టిన హ్యాంక్ కెచమ్ కూడా ఈ గుమ్మాలు తొక్కినవాడే. పోస్ట్‌లో టెడ్ కీ వేసిన హేజెల్ అనే పనిమనిషి కార్టూన్ ఏకంగా 1961లో టీవీ సీరియల్ అయింది. పత్రికని మింగిన టీవీయే దాని పనిమనిషికి ఉద్యోగం ఇచ్చింది.

ఇంకో తమాషా. న్యూయార్కర్ 2005 నుంచి ప్రతివారం మాట లేని బొమ్మ ఒకటి వేసి, క్యాప్షన్ మీరే రాయండి అని పాఠకులకి పోటీ పెడుతోంది. గెలిచినవాళ్ల పేరు వేస్తారు. అంటే మీమ్_మాస్టర్ మొదట్లో అన్నదే నిజమైంది.

మీమ్_మాస్టర్

స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుంటున్నా 😎

అన్నా, ఆ పుస్తకంలో పెన్సిల్ రాతలన్నావు కదా, అవేంటో చూశావా? మార్జిన్‌లో రాస్తే జోకులే అయ్యుంటాయి.

పాతపుస్తకాల_పిచ్చోడు

నిన్న రాత్రి ఆ పనే చేశాను. గదిలో లైటు ఆపేసి, ఫోన్ టార్చి కాగితానికి పక్కగా, వాలుగా పట్టుకుంటే పెన్సిల్ నొక్కిన గాడి నీడ పడుతోంది, అక్షరాలు తేలుతున్నాయి. తెలుగు. గుండ్రంగా, పాతకాలం మాస్టార్ల చేతిరాత, వత్తులన్నీ ఓపిగ్గా పెట్టి ఉన్నాయి. మొత్తం పదకొండు చోట్ల ఉంది, మూడు మాత్రం పూర్తిగా చదవగలిగాను.

ఒకటి పీటర్ ఆర్నో వేసిన 1941 నాటి బొమ్మ. వెనకాల కొత్త విమానం నేలలోకి ముక్కు గుచ్చుకుని ముక్కలై ఉంటుంది, పైలట్ పారాచూట్‌తో దిగుతుంటాడు, సైనికాధికారులు అటు పరిగెడుతుంటే, దాన్ని తయారు చేసిన ఇంజనీరు నక్షా చుట్ట చంకలో పెట్టుకుని, తనకేం పట్టనట్టు ఇటువైపు నడిచొస్తూ "సరే, మళ్లీ ఆ పాత డ్రాయింగు బల్ల దగ్గరికే" అంటాడు. ఆ మాట ఇంగ్లీషులో ఇప్పటికీ అందరూ వాడతారు. దానికింద మనాయన పెన్సిల్‌తో రాసింది: "మళ్లీ ఓనమాలు."

గోదారిగట్టు

ఆహా. అంతకంటే బాగా తెలుగు చెయ్యడం నా వల్ల కాదు.

పాతపుస్తకాల_పిచ్చోడు

రెండోది చార్లెస్ ఆడమ్స్‌ది, 1940 జనవరిలో వచ్చింది. మంచు కొండ మీద ఒకడు స్కీల మీద కిందికి జారిపోతున్నాడు, వాడు వచ్చిన దారిలో ఒక చెట్టు. స్కీ గీతలు రెండూ చెట్టుకి ఆ పక్కొకటి ఈ పక్కొకటి వెళ్లి, దాటాక మళ్లీ కలిసిపోయాయి. దూరం నుంచి ఇంకొకడు అది చూసి నిలబడిపోయాడు. అచ్చులో క్యాప్షన్ లేదు, అక్కర్లేదు కూడా. దానికింద ఈయన: "చెట్టు దగ్గర ద్వైతము, దాటిన పిమ్మట అద్వైతము."

మీమ్_మాస్టర్

😂😂😂 పోటీకి పంపు అన్నా, గెలుస్తావు

రఫ్_గీత

మూడోది?

పాతపుస్తకాల_పిచ్చోడు

హాకిన్సన్‌ది. లావుపాటావిడ ఒక్కతే ఉంటుంది. ఇంగ్లీషు క్యాప్షన్ మీద అడ్డంగా గీత కొట్టేసి, కింద రెండే మాటలు రాశాడు. "మా పెద్దక్కయ్య."

అమ్ములు_వాళ్లమ్మ

ఫోటో పెట్టండి దయచేసి. ఆయన పేరేమైనా ఉందా ఎక్కడైనా?

పాతపుస్తకాల_పిచ్చోడు

పేజీపేజీ వెతికానమ్మా. సంతకం లేదు.